పాప గిన్నెలతో ఆడుతోంది, బొమ్మలు మూలన పడున్నాయి

ఇద్దరు పిల్లల తల్లి రాసిన ఉత్తరం ఇది. పాపకి రెండేళ్ళ నాలుగు నెలలు, బాబుకి ఏడు నెలలు. ఆవిడ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు, పగలు కాసేపు అత్తగారు పిల్లల్ని చూస్తారు. ఇంటినిండా బొమ్మలే, అందులో సగం పాటలు పాడేవి, లైట్లు వెలిగేవి. పాప బొమ్మల బుట్ట మొత్తం బోర్లించి రెండు నిమిషాల్లో లేచిపోతుంది. వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు ముంచి గిన్నెలో పోస్తూ, మళ్ళీ గిన్నెలోంచి గ్లాసులోకి వంచుతూ ఎంతసేపైనా కూర్చుంటుంది, నేలంతా తడి. ఆడపడుచుగారి అమ్మాయిదీ ఇదే వయసు, ఆ పిల్ల రంగుల పేర్లు గడగడా చెప్తుంది, ఇరవై దాకా లెక్కపెడుతుంది. అది చూసి ఈవిడ భర్త ఫ్లాష్ కార్డులు కొన్నారు. రోజూ సాయంత్రం పాపని కూర్చోబెట్టి చూపిస్తుంటే అయిదో కార్డుకే ఏడుపు మొదలవుతోంది. భోజనం దగ్గరా, ఆవిడకి మీటింగులున్నప్పుడూ పాపకి ఫోన్ ఇస్తున్నారు, అన్నీ కలిపితే రోజుకి రెండు గంటలు దాటుతోంది. బాబుని బోర్లా పడుకోబెడితే ఏడుస్తాడని ఎక్కువసేపు వాకర్‌లోనే కూర్చోబెడుతున్నారు, అందులో ఉంటే తొందరగా నడక వస్తుందని అత్తగారి మాట. చేతికి ఏమిచ్చినా కింద పడేస్తాడు, తీసిస్తే మళ్ళీ పడేస్తాడు. వాడి చేతిలో ఏమున్నా అక్క లాక్కుంటుంది, ఒక్కోసారి కొడుతుంది కూడా.

ఏ వయసుకి ఏ ఆటలు ఆడించాలి, చదువు నేర్పే బొమ్మల సెట్ కొనాలా, కార్డులు కొనసాగించాలా అని అడిగారు. కానీ ఉత్తరంలో నేను రెండుమూడు సార్లు చదివిన చోటు వేరే ఉంది. "నాకు పిల్లలతో ఆడటం రాదు. పది నిమిషాలకే విసుగొస్తుంది. బాబు పుట్టినప్పటి నుంచీ దేనిమీదా మనసు నిలవట్లేదు. నావల్లే పాప వెనకబడిపోతోందేమో" అని రాశారు. చివర్లో ఒక చిన్న ప్రశ్న కూడా ఉంది, దానికి ఆఖర్న వస్తాను.

అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలు ఒకదానికొకటి ముడిపడిపోయాయి. పిల్లలు ఆడట్లేదన్నది ఒకటి, నాకు ఆడించడం రాదన్నది రెండోది. మీరు రాసిన వివరాలే చూస్తే మొదటిది నిజం కాదు. అంతసేపు నీళ్ళు ముంచి పోస్తున్న పిల్ల ఆడట్లేదని ఎలా అంటాం? డబ్బు పెట్టి కొన్నాం కాబట్టి బొమ్మతో ఆడితేనే ఆట అని మనకి అనిపిస్తుంది, ఆ వయసు పిల్లకి కొన్నదేదో కొననిదేదో తెలీదు.

ఆ నీళ్ళ ఆటని ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. చిన్న గ్లాసుతో ఎన్నిసార్లు పోస్తే గిన్నె నిండుతుంది, నిండాక కూడా పోస్తే ఏమవుతుంది, గ్లాసు ఎంత వంచితే సన్నటి ధార వస్తుంది, ఇంకెంత వంచితే ఒక్కసారిగా భళ్ళున పడుతుంది, ఇవన్నీ పాప తన చేతులతో తేల్చుకుంటోంది. మణికట్టు తిప్పడం, ఒక చేత్తో గిన్నె పట్టుకుని రెండో చేత్తో పోయడం, చూపుకీ చేతికీ పొత్తు కుదరడం అందులోనే ఉన్నాయి. రేపు సీసా మూత తిప్పాలన్నా, బొత్తాం పెట్టుకోవాలన్నా, పెన్సిల్ పట్టుకోవాలన్నా పనికొచ్చేది ఈ పనితనమే. మాటలూ అక్కడే వస్తాయి. "నిండింది", "ఖాళీ అయిపోయింది", "ఇంకొంచెం", "అయ్యో కారిపోయింది" లాంటి మాటలు పాపకి కార్డు మీద బొమ్మ చూస్తే పట్టుబడవు, చేతిలో గ్లాసు ఖాళీ అయిన క్షణాన వింటే పట్టుబడతాయి. మీరు ఆడించక్కర్లేదు, పాప చేస్తున్నదానికి అప్పుడొకటి అప్పుడొకటి మాట అందిస్తే చాలు.

నేల తడవడం మాత్రం నిజమైన సమస్యే, రోజంతా తుడుస్తూ ఉండలేరు. పూర్తిగా మానిపించచ్చు, కానీ పోయాలనే కోరిక పోదు కాబట్టి తాగే నీళ్ళ దగ్గరో, బాత్రూంలో బకెట్ దగ్గరో మీరు చూడనప్పుడు మొదలవుతుంది. రోజులో ఒక వేళ పెట్టుకుంటే, అంటే స్నానానికి ముందు ఒక వెడల్పాటి టబ్బు, కింద పాత తువ్వాలు, రెండు మూడు గిన్నెలు, అప్పుడు మిగతా సమయంలో "ఇప్పుడు కాదు, స్నానం ముందు" అని చెప్పడానికి మీకో మాట ఉంటుంది. మొదటి నాలుగైదు రోజులు పేచీ పెడుతుంది, ఆ వేళ తప్పకుండా వస్తుందని నమ్మకం కుదిరాక తగ్గుతుంది. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నాను, ఆ నీళ్ళాట అయ్యేదాకా పెద్దవాళ్ళెవరో ఒకరు చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఉండాలి. చిన్నపిల్లలు కొన్ని సెంటీమీటర్ల లోతు నీళ్ళలో కూడా మునిగిపోగలరు, అదీ చప్పుడు కాకుండా. ఆట అవ్వగానే టబ్బు ఒంపేసి బోర్లించండి, బాబు రేపో మాపో పాకుతాడు.

ఇక బొమ్మలు. 2018లో అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ మధ్య వయసున్న 36 మంది పిల్లలకి ఒకసారి 4 బొమ్మలూ, ఇంకోసారి 16 బొమ్మలూ ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. మీ పాప బుట్ట బోర్లించి లేచిపోవడానికి కారణం చాలావరకు ఇదే అయ్యుంటుంది, దాన్ని ఏకాగ్రత లేకపోవడం అనుకోకండి. ఏకాగ్రత ఉందో లేదో వంటింట్లో చూస్తూనే ఉన్నారుగా. అయిదారు బొమ్మలుంచి మిగతావి పైన పెట్టేసి, పదిరోజులకోసారి మార్చి చూడండి. పైన పెట్టేటప్పుడు పాప ముందు పెట్టకండి, ఏడుస్తుంది. పాటలు పాడే బొమ్మల్లో బ్యాటరీ తీసేసి ఇచ్చినా సరిపోతుంది. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో ఎలక్ట్రానిక్ బొమ్మలతో ఆడేటప్పుడు తల్లిదండ్రులు మాట్లాడే మాటలు తగ్గిపోవడం గమనించారు, పుస్తకాలు చూసేటప్పుడూ మామూలు బొమ్మలతో ఆడేటప్పుడూ ఎక్కువ మాట్లాడారు. బొమ్మే మాట్లాడేస్తుంటే పక్కనున్న మనిషి ఊరుకుంటాడు కదా. ఇదంతా చదివాక కూడా ఆ సెట్ కొనాలనిపిస్తే కొనండి, నష్టమేమీ లేదు, కానీ ఆ డబ్బుకి పాప తెలివి పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. నన్నడిగితే ఒక బంతి, కొన్ని చెక్క దిమ్మెలు, గట్టి అట్టల పుస్తకాలు నాలుగు, ఖాళీ అట్టపెట్టెలు. రెండేళ్ళ పిల్లకి అట్టపెట్టె ఒకరోజు బండి, ఇంకోరోజు ఇల్లు.

కార్డుల సంగతి కాస్త సున్నితంగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో మీవారూ ఉన్నారు. ఆయన మనసులో ఉన్నది పాప వెనకబడకూడదనే ఆరాటమే, అది తప్పు కాదు. ఇరవై దాకా అంకెలు వల్లించడం వేరు, "రెండు గ్లాసులు తీసుకురా" అంటే రెండు తేవడం వేరు. మొదటిది పాట గుర్తుండటం లాంటిది, ఆడపడుచుగారి అమ్మాయికి అది వచ్చింది, సంతోషం, మీ పాపకి ఇంకోటి వచ్చింది. రంగుల పేర్లు ఇంకా తెలియకపోవడం ఈ వయసులో మామూలే. కార్డులు ఇలాగే సాగిస్తే నాకున్న భయం ఒకటే. సాయంత్రం నాన్న దగ్గర కూర్చోవడమంటే ఏడుపని పాప మనసులో పడిపోతుంది. ఆయన్ని మానెయ్యమంటే నొచ్చుకోవచ్చు, కాబట్టి ఆట మార్చమని అడగండి. అవే కార్డులు ఇంట్లో అక్కడక్కడా దాచి వెతకడం, బంతి బొమ్మున్న కార్డు దొరికితే నిజం బంతి పట్టుకురావడం. లేదూ కార్డులు పక్కన పెట్టి ఆ పావుగంటా వీపు మీద ఎక్కించుకుని గుర్రం ఆడించమనండి. పాప పరిగెత్తుకుంటూ ఆయన దగ్గరికి వచ్చిన రోజు ఆయనే కార్డుల మాట మర్చిపోతారని నా నమ్మకం.

ఫోన్ గురించి మీరు రాసిన వాక్యంలో సిగ్గు కనిపించింది, అది అక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ ఇద్దరు చిన్నపిల్లల్ని చూసుకునే మనిషికి ఒక అరగంట ఊపిరి కావాలి. అయితే సంగతి తెలిసి ఉండటం మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాదిలోపు పిల్లలకి స్క్రీన్ అసలొద్దు, రెండేళ్ళ పిల్లలకి రోజుకి గంట మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది. మీరు రెండు గంటల్లో ఉన్నారు. ఒక్కసారిగా తీసెయ్యచ్చు, కొన్ని ఇళ్ళలో అది పనిచేస్తుంది, కానీ ఆ వారం రోజుల ఏడుపుని మీరూ అత్తగారూ కలిసి తట్టుకోవాలి, మధ్యలో ఒకరు జాలిపడి ఇచ్చేస్తే ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని పాపకి తెలిసిపోతుంది. నేనైతే ముందు భోజనం దగ్గర మాత్రమే తీస్తాను, మీటింగులప్పటిది ప్రస్తుతానికి ఉండనిస్తాను. భోజనం దగ్గర తెర చూస్తున్న పిల్లకి కడుపు నిండిందో లేదో తెలీదు, ఏం తింటోందో కూడా తెలీదు. తీసేశాక కొన్ని రోజులు తక్కువ తింటుంది, నేల మీద పోస్తుంది, చేత్తో పిసుకుతుంది. పిసకనివ్వండి, అదీ ఆటే. పాప నెమ్మదిగానే ఉంది, ఇంకోటి కూడా తగ్గించగలను అనిపించినప్పుడు మీటింగుల వేళకని ఒక పెట్టె విడిగా పెట్టుకోండి, అప్పుడు మాత్రమే బయటికొచ్చే వస్తువులతో. పెద్ద మైనపు రంగులు, కాగితాలు, అతికించే స్టిక్కర్లు. అరగంట మీటింగుకి అది పది నిమిషాలు ఆపుతుంది, పూర్తిగా ఆపదు, ముందే చెప్తున్నాను. ఇంకో చిన్న విషయం, ఎవరూ చూడకపోయినా హాల్లో టీవీ మోగుతూ ఉంటే కట్టెయ్యండి. పిల్లలు ఆట మధ్యలో మాటిమాటికీ అటు తలతిప్పుతారు, ఆట ముక్కలైపోతుంది.

బాబు దగ్గరికొద్దాం. వాడు పడేస్తున్నది మిమ్మల్ని విసిగించడానికి కాదు. చేతిలోంచి వదిలితే కిందికే పోతుంది, ప్రతిసారీ చప్పుడవుతుంది, కనపడకుండా పోయినా ఎక్కడో ఉంటుంది, అమ్మ వంగి తీసిస్తుంది. ఈ నాలుగూ కొత్త సంగతులే వాడికి. ఈ వయసు నుంచే, ముఖ్యంగా ఎనిమిదో నెల దగ్గర్లో, కంటికి కనపడని వస్తువు కూడా ఉంటుందనే ఎరుక పిల్లల్లో గట్టిపడుతుంది. దోబూచులాటకి పడీపడీ నవ్వేది అందుకే. బొమ్మ మీద పల్చటి గుడ్డ కప్పి, ఒక మూల మాత్రం కనపడనిచ్చి, ఏం చేస్తాడో చూడండి. పడేసింది పదిసార్లు తీసివ్వలేకపోతే వాడిని నేలమీద కూర్చోబెట్టి పక్కనే ఒక ఖాళీ గిన్నె పెట్టండి, గిన్నెలో పడేస్తాడు, చప్పుడు ఇంకా బాగుంటుంది.

వాకర్ విషయంలో మాత్రం అత్తగారి మాటకి నేను ఒప్పుకోలేను. అందులో కూర్చుంటే తొందరగా నడక రాదు, పైగా మెట్లమీంచి దొర్లిన ప్రమాదాలు, వేడి వస్తువులు లాక్కున్న ప్రమాదాలు ఎన్నో చూశాక కెనడా 2004లో వాటి అమ్మకమే నిషేధించింది. వాడికి కావలసింది నేల. బోర్లా పడుకోబెడితే ఏడుస్తున్నాడంటే ఒకేసారి పది నిమిషాలు ఆశించకండి, రెండేసి నిమిషాలు రోజులో చాలాసార్లు, మీరు కూడా ఎదురుగా బోర్లా పడుకుని, ముఖం వాడి ముఖానికి దగ్గరగా పెట్టి. మీ పొట్టమీద బోర్లా వేసుకున్నా లెక్కే. నిద్రకి మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టండి. అత్తగారితో వాదన పెట్టుకోవడం కంటే, వాడికి ఎదురుగా కూర్చుని పాటలు పాడే పని ఆవిడకి అప్పగించి చూడండి, మనవడు ఆవిడ గొంతు విని తల ఎత్తితే వాకర్ దానంతటదే మూలకి పోతుంది. కుదురుగా కూర్చోవడం వచ్చాక ఒక తక్కువ ఎత్తు బుట్టలో ఇంట్లో వస్తువులే రకరకాలవి వెయ్యండి, చెక్క గరిటె, స్టీలు గిన్నె, పెద్ద స్పాంజి, గుడ్డ ముక్క, అన్నీ నోట్లో పెట్టుకుంటాడు కాబట్టి కడిగినవి. ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ అనే బ్రిటిష్ శిశువిద్యా నిపుణురాలు పాకడం రాని పిల్లల కోసం ఇలాంటి బుట్టలు పెట్టి, పిల్లలు వాటితో ఎంతసేపు గడుపుతారో లోకానికి చూపించారు. మూడు సెంటీమీటర్ల వెడల్పుకి అటూ ఇటూగా ఉన్నదీ, అంతకంటే చిన్నదీ ఏదీ వాడి దగ్గర ఉండకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. బిళ్ళ బ్యాటరీలు, అయస్కాంతాలు, పగిలిన బెలూన్ ముక్కలు మరీ ప్రమాదం, అక్క బొమ్మల్లోంచే అవి వస్తాయి.

ముందు ముందు ఏమిటంటారా, ఏడాది దగ్గర్లో పెట్టెలో వెయ్యడం, తియ్యడం, చప్పట్లు, బంతి దొర్లిస్తే తిరిగి దొర్లించడం. ఏడాది దాటాక తోసేవి, లాగేవి, దిమ్మెలు పేర్చి కూలగొట్టడం, ముఖ్యంగా కూలగొట్టడం. రెండో ఏడు నిండుతుండగా బొమ్మకి నీళ్ళు తాగించడం, చెవి దగ్గర దిమ్మె పెట్టుకుని ఫోన్ మాట్లాడటం లాంటి నటన ఆటలు. పాప ఇప్పుడు అక్కడుంది. నెలలు లెక్కపెట్టి ఆడించక్కర్లేదు, ఇప్పుడు ఏం చేస్తున్నారో చూసి దానికి ఒక చిన్న మెట్టు కలిపితే సరి.

అక్క లాక్కోవడం గురించి. రెండేళ్ళ పిల్లకి పంచుకోవడం ఇంకా రాదు, రానవసరం లేదు. 1932లో మిల్డ్రెడ్ పార్టెన్ అనే అమెరికా పరిశోధకురాలు పిల్లల ఆటల్ని గమనించి దశలుగా రాసినప్పుడు, ఈ వయసు పిల్లలు పక్కపక్కనే కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకుంటారని చెప్పింది, కలిసి ఆడటం తర్వాత వస్తుంది. కాబట్టి "తమ్ముడికివ్వు" అని పదేపదే చెప్తే పాపకి తమ్ముడంటే తన వస్తువులు పోవడమే అనిపిస్తుంది. పాపవంటూ కొన్ని, వాడు అందుకోలేని ఎత్తులో ఉంచండి. కొట్టినప్పుడు చెయ్యి పట్టుకుని "కొట్టనివ్వను" అని క్లుప్తంగా అని బాబుని ఎత్తుకోండి, అంతే, పెద్ద ఉపన్యాసం ఎక్కదు. బాబు నిద్రపోయే వేళ ఒక పది నిమిషాలు పాపకి మాత్రమే ఇవ్వగలిగితే లాక్కోవడం తగ్గుతుందని నా అనుభవం.

ఇప్పుడు మీ గురించి. పిల్లల ఆట పెద్దవాళ్ళకి విసుగు పుట్టిస్తుంది, ఇది చాలామంది తల్లులు బయటికి చెప్పరు. నేనూ చెప్పలేదు అప్పట్లో. గ్లాసులో నీళ్ళు యాభయ్యోసారి పోయడం ముప్ఫై ఏళ్ళ మనిషికి ఆసక్తిగా ఉండాలని ఎక్కడా లేదు. మీరు ఆట కనిపెట్టి, నడిపించి, నవ్వించి అలసిపోతున్నారని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఆ బరువు దించెయ్యండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టి పది నిమిషాలు నేలమీద కూర్చోండి. పాప చూసినదాన్ని చూడండి, తను ఏదైనా చేసి మీవైపు చూస్తే ఒక మాటో నవ్వో తిరిగివ్వండి, మళ్ళీ ఆగండి. బంతి విసిరితే పట్టుకుని తిరిగి విసిరినట్టు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పిల్లల ఎదుగుదల మీద పనిచేసే కేంద్రం మెదడు ఎదుగుదలకి పునాది అని చెప్పేది ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాన్నే. పది నిమిషాలయ్యాక "అమ్మకి పనుంది" అని లేచిపోండి, తప్పు లేదు, పిల్లలు ఒంటరిగా ఆడుకోవడం నేర్చుకోవాలి కూడా. నేలమీద కూర్చోవడమే ఇష్టం లేకపోతే పనిలో కలుపుకోండి, ఉతికిన బట్టల్లో సాక్సులు జతలు వెతకడం పాపకి రంగుల పాఠం, మీకు పని తీరుతుంది.

కానీ "బాబు పుట్టినప్పటి నుంచీ దేనిమీదా మనసు నిలవట్లేదు" అన్నది ఆట గురించి మాత్రమే కాకపోవచ్చు. నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఇష్టమైనవి కూడా రుచించకపోవడం రెండు వారాలకి మించి ఉంటే డాక్టర్‌తో మాట్లాడండి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు, దానికి మంచి చికిత్స ఉంది. అది ఉంటే ఆటల సలహాలు మీకు ఇంకో బరువు అవుతాయి, కాబట్టి ముందు అదే చూసుకోండి. పాప గురించి, మీరు రాసినదాన్ని బట్టి నాకు టెన్షన్ లేదు. "అమ్మా నీళ్ళు" అంటుంది, పిలిస్తే తిరుగుతుంది, ఆకాశంలో విమానం కనపడితే వేలితో మీకు చూపిస్తుంది. ఈ వేలితో చూపించడం ఏడాదిన్నరకి కూడా లేకపోయినా, పేరుపెట్టి పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోయినా అప్పుడు ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించాలి. బాబుకీ ఇదే గుర్తు పెట్టుకోండి.

ఇక చివరి ప్రశ్న. రోజూ రాత్రి పాప అదే పుస్తకం తెస్తుందని, విసుగొచ్చి మధ్యలో పేజీలు దాటేస్తే పట్టుకుని వెనక్కి తిప్పుతుందని, కొత్త పుస్తకం అలవాటు చెయ్యాలా అని అడిగారు. దాటేసిన పేజీ ఏదో తెలిసిందంటే పుస్తకమంతా పాప తలలో ఉందన్నమాట. మొత్తం మీరే చదవడం మానెయ్యండి. వాక్యం మొదలుపెట్టి ఆఖరి మాట దగ్గర ఆగి పాప ముఖం చూడండి, ఆ మాట తనే చెప్తుంది. చెప్పకపోతే అయిదు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగి మీరే చెప్పండి, రేపు మళ్ళీ అక్కడే ఆగండి.